చిన్న గూట్లో బొమ్మలన్నీ కనపడాలంటే

మా తిరుపతి అద్దె ఇళ్లలో షోకేసంటే గోడలో జానెడు గూడే. మా దగ్గర్లోని మాధవమాల ఊరి కొయ్యబొమ్మలు, లక్కపిడతలు ఎంత ముచ్చటపడి తెచ్చుకున్నా వెనక వరసలోవి ముందువాటి చాటున పడిపోతాయి. బొమ్మల కొలువు మాదిరి మెట్లు కట్టేయండి. ఖాళీ అగ్గిపెట్టెల్లో పొడి ఇసుక నిండుగా పోసి, సందుల్లేకుండా టేపు చుట్టండి. మధ్య వరసకి రెండేసి, వెనక వరసకి నాలుగేసి ఒకదానిమీదొకటి ఫెవికాల్‌తో అంటించి, గూడు పొడవునా పేర్చి రాత్రంతా ఆరనివ్వండి. పైన పాత పట్టుచీర అంచు పరిస్తే, ఆ జరీ మీద కొయ్య రంగు భలే తేలుతుంది! బొమ్మకీ బొమ్మకీ రెండు వేళ్ల సందు వదలండి, ఇరుగ్గా పెడితే ఏదీ కంటికి ఆనదు. రాతి విగ్రహాలు, బరువైన ఇత్తడివి మాత్రం మెట్లెక్కించొద్దు. అట్ట నలిగి పక్కకి ఒరిగిపోతాయి. వాటికి కింది వరసే.