టెన్‌పిన్ బౌలింగ్ లేన్‌లోకి దిగే ముందు బాల్ సంగతి చూసుకోండి

– ముందు ఆయిల్ ప్యాటర్న్ (లేన్ మీద పూసే ఆయిల్ పొర) పొడవు ఎంతో బౌలింగ్ సెంటర్‌లో అడగండి, లేన్ 60 అడుగులే గానీ ఆయిల్ మాత్రం మామూలుగా 40 అడుగుల దగ్గర్లో ఆగిపోద్ది, ఆ పొడవులోంచి 31 తీసేస్తే బాల్ ఏ బోర్డు (లేన్‌లో అంచు నుంచి లెక్కపెట్టే సన్నటి చెక్క పట్టీ) దగ్గర పిన్స్ వైపు తిరగాలో సుమారుగా తెలుస్తది, 40 అయితే 9వ బోర్డు అన్నమాట. ఇది అంచనా మాత్రమే, ప్రాక్టీస్ బాల్స్ వేసి చూసుకోవాల్సిందే.

– ఆయిల్ ఎక్కువుంటే సర్ఫేస్ గరుకుగా ఉన్న బాల్ తీయండి, లేన్ డ్రైగా ఉంటే పాలిష్ ఉన్నది. చాలామంది ఖరీదైన బాల్ కొనేసి డ్రైలో కూడా దాన్నే వేస్తారు, అది తొందరగా తిరిగేసి పిన్స్ దగ్గరకొచ్చేసరికి పవరే ఉండదు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తది.

– అబ్రలాన్ ప్యాడ్ (బాల్ సర్ఫేస్‌ని రుద్ది గరుకు చేసే ప్యాడ్) పని ఇంట్లోనే కానిచ్చేయండి. యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంఘం) పోటీ మధ్యలో సర్ఫేస్ మార్చకూడదు, లిక్విడ్ క్లీనర్ కూడా వాడకూడదు, డ్రై టవల్ ఒక్కటే. అందుకే టవల్ మర్చిపోవద్దు, ప్రతి షాట్‌కీ బాల్ మీద ఆయిల్ తుడవాలి.

– స్పేర్ (మొదటి బాల్‌కి మిగిలిన పిన్స్‌ని రెండో బాల్‌తో పడగొట్టడం) కోసం ప్లాస్టిక్ బాల్ ఒకటి ఉంచుకోండి.

– ఆట సాగేకొద్దీ ఆయిల్ చెదిరిపోద్ది. కుడిచేతి వాళ్లకి బాల్ హెడ్‌పిన్‌కి (అన్నిటికన్నా ముందున్న పిన్) ఎడమగా పోతుంటే కాళ్లు ఎడమకి జరపండి, పాకెట్ (హెడ్‌పిన్‌కీ దాని కుడి పక్క పిన్‌కీ మధ్య సందు) అందకపోతే కుడికి. అంతేగానీ బలంగా విసరొద్దు.