వానలు రాకముందే సెప్టిక్ ట్యాంక్ మూత తీసి చూడండి

జూన్ వస్తోందంటే డాబా మీద పగుళ్లు చూసుకుంటాం, సన్‌షేడ్ కింద నీరు కారుతుందేమో చూసుకుంటాం, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోస్తాం. సెప్టిక్ ట్యాంక్ మాత్రం జూలై ముసుర్లో లెట్రిన్ ఎదురుతన్నేదాకా ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు ఫోన్ చేస్తే ట్యాంక్ మడ్డి లాగే బండి వాళ్లు రెండు మూడు రోజుల తర్వాత వస్తామంటారు, వచ్చినా బురదలో బండి సందులోకి దిగదు, అడిగినంత ఇవ్వాల్సిందే. ఇదే పని మే నెలలో తీరిగ్గా, బేరమాడి మరీ చేయించుకోవచ్చు. దక్షిణ కోస్తాలో, నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబర్, నవంబర్లలో కాబట్టి అక్కడివాళ్లు సెప్టెంబర్‌లో ఇంకోసారి చూసుకోవడం మంచిది.

ముందుగా ఒక విషయం. "మా ట్యాంక్ పదేళ్లయినా నిండలేదండీ" అని గొప్పగా చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. సెప్టిక్ ట్యాంక్ కట్టాక కొన్ని వారాల్లోనే బయటికి వెళ్లే పైపు మట్టం దాకా నీళ్లు నిండిపోతాయి, ఆ తర్వాత ఎప్పుడూ అలాగే ఉంటుంది. లోపలికి బకెట్ నీళ్లు వస్తే అటునుంచి బకెట్ నీళ్లు పోతాయి. కాబట్టి మూత తీసి చూసి "అమ్మో, నిండిపోయింది" అని కంగారు పడక్కర్లేదు, "ఇంకా పొంగలేదుగా" అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. చూడాల్సింది నీళ్లను కాదు, అడుగున పేరుకున్న మడ్డిని, పైన తేలే తెట్టును. ఆ రెండింటి మధ్య తేరుకున్న నీరు మాత్రమే బయటికి వెళ్లాలి. మడ్డి పెరిగిన కొద్దీ ఆ నీటికి తేరుకునే జాగా, సమయం తగ్గిపోయి ముక్కలు ముక్కలుగా మలమే, ట్యాంక్ నీరు నేలలోకి ఇంకడానికి తవ్విన ఇంకుడు గుంతలోకి వెళ్తుంది, గుంత చుట్టూ మట్టి రంధ్రాలు పూడుకుపోతాయి. పదేళ్లు ఏమీ కాలేదనుకున్న ఇంట్లో జరుగుతున్నది ఇదే. ట్యాంక్ తీయించడానికి కొన్ని వేలు అవుతాయి, పూడుకుపోయిన ఇంకుడు గుంతను మళ్లీ తవ్వించాలంటే అంతకు ఎన్నో రెట్లు. గుంత లేకుండా పైపు నేరుగా సైడు కాలువలోకి పెట్టుకున్న ఇళ్లయితే ఆ ముక్కలన్నీ వీధిలోనే పారుతుంటాయి, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే వీధిలో.

రెండు మూడేళ్లకోసారి తీయించమని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. మంచి లెక్కే, కానీ ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికీ, ఎనిమిది మంది ఉండి కింద వాటా అద్దెకిచ్చిన ఇంటికీ ఒకే గడువు సరిపోదు. కొలిచి చూడటమే నికరం. కొలవడం కష్టమేమీ కాదు.

పొడుగాటి పీవీసీ పైపు గానీ వెదురు గడ గానీ తీసుకుని, కింది మూడు నాలుగు అడుగులకు పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి కట్టండి. లెట్రిన్ పైపు వచ్చి పడే మొదటి అరలోనే మడ్డి ఎక్కువ ఉంటుంది కాబట్టి అక్కడి మూత తీసి, గడను నెమ్మదిగా అడుగు తగిలేదాకా దించి, కొద్ది నిమిషాలు కదపకుండా పట్టుకుని, మెల్లగా పైకి తీయండి. నల్లగా మడ్డి అంటుకున్నంత మేర మడ్డి లోతు, దాని పైన తడిసినంత మేర నీళ్లు. తెట్టు మందం తెలియాలంటే పైపు చివర ఎల్బో బిగించి, తెట్టును చీల్చుకుని కిందికి దించి, పక్కకు తిప్పి పైకి లాగితే తెట్టు అడుగు చేతికి తగులుతుంది. మడ్డి, తెట్టు రెండూ కలిపి మొత్తం లోతులో మూడో వంతు దాటితే బండిని పిలవండి. ఉదాహరణకు నీళ్ల లోతు నాలుగు అడుగులు, అంటే 48 అంగుళాలు అనుకుంటే, రెండూ కలిపి 16 అంగుళాలు వచ్చాయంటే ఇక వాయిదా వేయొద్దు. పది పన్నెండు వచ్చి ఇంట్లో మనుషులు ఎక్కువ ఉన్నా సరే, వానలకు ముందే తీయించేయండి.

కొలిచేటప్పుడు ఒక్కరే ఉండొద్దు. మూత తీసిన వెంటనే మీదకు వంగి చూడొద్దు, కాసేపు గాలి పోనివ్వండి. దగ్గర్లో బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల ఏదీ ఉండకూడదు, లోపల మీథేన్ ఉంటుంది. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, గడను బ్లీచింగ్ కలిపిన నీళ్లతో బావికీ బోరుకూ దూరంగా కడగండి. మూత తెరిచి ఉన్నంతసేపూ పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి, ఫోన్ వస్తే మాట్లాడటానికి పక్కకు కూడా వెళ్లకండి. చాలా ఇళ్లలో మూత మీద సిమెంట్ పూసేసి, టైల్స్ కూడా వేసేస్తున్నారు. అలాంటి చోట ఎలాగూ పగలగొట్టాలి కాబట్టి, మేస్త్రి చేత పట్టుకోవడానికి కొక్కేలున్న గట్టి మూత ఒక్కో అరకు ఒకటి పెట్టించుకుంటే ముందు ముందు ఈ బాధ ఉండదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మనిషి ట్యాంక్‌లోకి దిగకూడదు. సగం ఖాళీ అయినా, మొత్తం ఖాళీ అయినా, ఒక్క నిమిషమే అన్నా దిగకూడదు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుని ఉంటుంది, కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు పని చేయడం మానేసి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు అలాగే కూలిపోతాడు. అతన్ని లాగబోయి అన్నో, కొడుకో, ఇంటి యజమానో దిగి వాళ్లూ పోతారు. ఇలాంటి వార్త మనం ఏటా చదువుతూనే ఉన్నాం, ప్రతిసారీ అవి ఆపగలిగిన చావులే. ఎవరైనా లోపల పడిపోతే మీరు దిగకుండా 101కి, 108కి ఫోన్ చేయండి.

"అడుగున గట్టిపడింది సార్, మనిషిని దింపితే తప్ప రాదు, ఇంకో వెయ్యి ఇవ్వండి" అని బండివాళ్లు అంటే ఒప్పుకోకండి. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించే 2013 చట్టం ప్రకారం సరైన రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంక్ శుభ్రం చేయడానికి మనిషిని పెట్టడం నేరం, కాంట్రాక్టరుకే కాదు, పని చెప్పిన ఇంటివాళ్లకు కూడా వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మురుగు పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచినా, మన ఇంటి మలం కోసం ఇంకొకరి ప్రాణం పోవడం ఏమిటి? గట్టిపడిన మడ్డిని పైనుంచి నీళ్లు ఒత్తిడితో కొట్టి కలిపితే గొట్టంలోకి వస్తుంది. చేయలేమంటే ఇంకో బండిని పిలవండి. ఈ పనికి 14420 హెల్ప్‌లైన్ ఉంది, హైదరాబాద్‌లో జలమండలి కూడా ఇదే నంబరు మీద సేవ అందిస్తోంది, మిగతా చోట్ల మున్సిపాలిటీలో అడగండి.

బండి వచ్చినప్పుడు దగ్గరుండండి. పై నీళ్లు లాగేసి "అయిపోయింది" అని గొట్టం చుట్టేస్తే మడ్డి మొత్తం లోపలే ఉంటుంది, డబ్బులు దండగ. రెండు అరల మూతలూ తీయించి, కలిపి, అడుగు నుంచి లాగించండి. లోపల గోడలు ఫినాయిల్‌తో కడిగించే పని లేదు. ఖాళీ అయ్యాక పైనుంచే టార్చి వేసి గోడల పగుళ్లు, T ఆకారపు పైపులు ఊడిపోయాయా అన్నది చూసుకోండి. బండి స్లాబ్ మీదకు ఎక్కకుండా చూడండి. ఎక్కడ పారబోస్తారో కూడా అడగండి, మున్సిపాలిటీ అనుమతి ఉన్న బండి అయితే శుద్ధి ప్లాంటుకు తీసుకెళ్లాలి. వరంగల్‌లో 2016లోనే దీనికి నిబంధనలు పెట్టారు. రాత్రిపూట చెరువులోనో పంటకాలువలోనో వదిలేసే బండికి తక్కువ రేటని పని ఇస్తే అది తిరిగి మన నీళ్లలోకే వస్తుంది.

కోనసీమ లాంటి చోట్ల, తవ్వితే కొద్ది అడుగుల్లోనే నీరు పడే నేలల్లో ఒక ప్రమాదం ఉంది. భారీ వానల తర్వాత నేల నీటితో నిండి ఉన్నప్పుడు ట్యాంక్‌ను పూర్తిగా ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి అది పైకి లేవొచ్చు, రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకులకు ఇది మరీ ఎక్కువ. అక్కడ ఎండాకాలంలోనే తీయించాలి, తీయించిన వెంటనే మంచి నీళ్లతో నింపేయాలి.

నల్లరేగడి నేలల్లో మరో చిక్కు. వానాకాలంలో ఆ నేల నీళ్లను అసలే తాగదు, ఇంకుడు గుంత నిండి ట్యాంక్‌లోకి ఎదురు వస్తుంది. డాబా నీళ్లు, వాకిలి కడిగిన నీళ్లు, ఆర్వో నుంచి వచ్చే నీళ్లు ట్యాంక్‌కు, గుంతకు పోకుండా వేరుగా మళ్లించండి. మూత చుట్టూ మట్టి ఎత్తు చేసి వాననీరు లోపలికి దిగకుండా చూడండి. తాగే బోరుకు, బావికి ఇంకుడు గుంత కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది, మన వంద గజాల స్థలాల్లో అంత దూరం ఎక్కడిది, కాబట్టి వానాకాలంలో ఆ బోరు నీళ్లు తాగేవాళ్లు తప్పకుండా కాచి తాగండి.

పొడులు, మందులు, పేడ నీళ్లు పోస్తే తీయించే పని ఉండదని అమ్మేవాళ్లూ చెప్పేవాళ్లూ ఉంటారు. వద్దు. కావాల్సిన బ్యాక్టీరియా మలంతోనే వస్తుంది, పేడ పోస్తే మడ్డి ఇంకా పెరుగుతుంది. యాసిడ్, కిరసనాయిలు, బాటిళ్లకు బాటిళ్లు ఫినాయిల్ పోస్తే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ప్యాడ్లు, డైపర్లు, వైప్స్, వాడిన నూనె, మిగిలిన అన్నం ఏదీ లెట్రిన్‌లో వేయొద్దు. గాలి పైపు చివర నైలాన్ మెష్ కట్టండి, ట్యాంక్‌లో పుట్టే క్యూలెక్స్ దోమ బయటికి రాకుండా ఉంటుంది, బోదకాలు తెచ్చేది ఆ దోమే.

ఇంత చేసినా వానల మధ్యలో లెట్రిన్ ఎదురుతన్నితే, బండికి ఫోన్ చేసేముందు ఈ సంగతులు చూడండి. ఒక్క బాత్రూమ్‌లోనే నీళ్లు నిలిచి మిగతావి బాగుంటే ఆ పైపులో అడ్డం పడి ఉంటుంది, ప్లంబర్ చాలు. అన్నీ నిలిస్తే ట్యాంక్ మూత తీయించండి. నీటిమట్టం మామూలుగా బయటి పైపు దగ్గరే ఉంటే అడ్డం ఇంటికీ ట్యాంక్‌కూ మధ్య ఉంది. పైపు దాటి పైకి వచ్చిందంటే బయటికి పోయే దారో, గుంతో మూసుకుపోయింది, ట్యాంక్ తీయిస్తే నాలుగు రోజులు గడుస్తాయి అంతే, తర్వాత మళ్లీ నిండుతుంది. అప్పటిదాకా వాషింగ్ మెషీన్ ఆపి, స్నానం నీళ్లు వీలైతే చెట్లకు మళ్లించి, గుంత చుట్టూ నేల ఆరాక గుంత సంగతి మేస్త్రితో మాట్లాడుకోండి.