ట్రైలోబైట్‌ను పగలగొట్టకుండా బయటికి తీయడం ఎలా?

ట్రైలోబైట్ అంటే ఒకప్పుడు సముద్రాల్లో బతికి అంతరించిపోయిన, గట్టి పెంకున్న జీవి; ఇప్పుడు రాళ్లలో శిలాజంగా దొరుకుతుంది.

కావలసినవి: సుత్తి, రెండంగుళాల వెడల్పు ఉలి, రాతిముక్కలు కంట్లో పడకుండా రక్షణ కళ్లద్దాలు, గ్లవ్స్, పాత టూత్‌బ్రష్, మార్కర్, న్యూస్‌పేపర్లు. చోటు: అమెరికాలోని యూటా రాష్ట్రంలో, డెల్టా ఊరికి పడమరనున్న హౌస్ రేంజ్ కొండలు. అక్కడ పొరలు పొరలుగా చీలే వీలర్ షేల్ అనే రాయిలో ఎల్రాథియా కింగీ అనే ట్రైలోబైట్ విరివిగా దొరుకుతుంది. ఫీజు కట్టించుకుని తవ్వుకోనిచ్చే క్వారీకే వెళ్లండి. పొద్దున్నే వెళ్లాలి. ఏటవాలు ఎండలో శిలాజం కంటికి బాగా ఆనుతుంది.

(మన తాడిపత్రి షేల్‌లో వెతుకుతామని కొందరు బయల్దేరుతారు. ఆ రాయి ట్రైలోబైట్లు పుట్టడానికి వంద కోట్ల ఏళ్లకు పైగా ముందుది. పెట్రోలు దండగ.)

క్వారీ గోడలోంచి పలక ఊడదీసే ముందే దానికి ఏ వైపు పైకి ఉందో మార్కర్‌తో గుర్తు పెట్టండి.

ఇక చీల్చడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. పలకను నేలమీద పడుకోబెట్టి నడిమధ్యన బాదుతారు. రాయితో పాటు లోపలి జీవి కూడా ముక్కలవుతుంది. పలకను అంచు మీద నిలబెట్టండి. పక్కనుంచి పొరల గీతలు కనిపిస్తాయి. ఉలిని ఒక గీతకు సరిగ్గా ఆనించి మెల్లగా తట్టండి. విడిపోకపోతే బలం పెంచకండి, ఉలిని రెండు వేళ్ల దూరం జరిపి మళ్లీ తట్టండి. అలా అంచంతా తిరగాలి. చప్పుడు బోలుగా మారిందంటే పొర వదులైందన్నమాట. అప్పుడు సుత్తి పక్కన పెట్టి, ఉలిని చేత్తో మెలితిప్పితే పలక పుస్తకంలా తెరుచుకుంటుంది.

ఒక సగంలో జీవి, రెండో సగంలో దాని అచ్చు ఉంటాయి. రెండూ కలిపి చుట్టండి.

వెనిగర్‌లో నానబెట్టమని వీడియోల్లో చెప్తుంటారు. ఈ శిలాజం కాల్సైట్ అనే సున్నపు ఖనిజం, ఆమ్లం ముందు దాన్నే తినేస్తుంది. పొడి బ్రష్ చాలు.

ఇప్పుడు రాయిని చదవండి. తలకు రెండు పక్కల ఉండే చెంప పలకలు లేకపోతే అది చాలావరకు విడిచిన కుబుసం. అన్నీ ఉంటే జీవి బురదలో త్వరగా కప్పబడిపోయింది. సన్నని పొరలు చెక్కుచెదరకుండా, పురుగుల బొరియలు లేకుండా ఉంటే ఆ సముద్రపు అడుగున ఆక్సిజన్ తక్కువ.

అర సెంటీమీటరైనా లేని అగ్నోస్టిడ్లను (ట్రైలోబైట్లలా కనిపించే బుల్లి జీవులు) పారేయకండి. దగ్గర్లోని డ్రమ్ మౌంటెన్స్‌లో టైకాగ్నోస్టస్ అటావస్ అనే అగ్నోస్టిడ్ మొదట కనిపించిన పొరనే భూచరిత్రలో డ్రమియన్ అనే కాలానికి ఆరంభంగా ప్రపంచమంతా లెక్కిస్తుంది. అంటే సుమారు 50 కోట్ల ఏళ్ల కిందటి మాట. వాటిని విడిగా అగ్గిపెట్టెలో వేసి, ఏ పొరలోవో పైన రాయండి.