పాత బోటు మోటారు స్టార్టర్ నీరసంగా తిరుగుతోందా? ఇలా పట్టుకోండి

బటన్ నొక్కితే స్టార్టర్ (ఇంజనును తిప్పి లేపే చిన్న కరెంటు మోటారు) మూలుగుతుంది, ఫ్లైవీల్ (ఇంజనుతో తిరిగే బరువైన చక్రం) సగం చుట్టు తిరిగి ఆగిపోతుంది. బోటు వెనక తగిలించే పాత ఔట్‌బోర్డ్ మోటార్లలో ఇది తరచూ వచ్చే బాధే. చాలామంది స్టార్టర్ కాలిపోయిందని తేల్చేసి కొత్తది కొనేస్తారు. దయచేసి తొందరపడకండి. సముద్రంలోనో ఉప్పుటేరులోనో తిరిగే బోటులో స్టార్టర్ కంటే ముందు పాడయ్యేది దానికి కరెంటు చేరే దారి. అందుకే స్టార్టర్ విప్పడం చివరి పనిగా పెట్టుకోండి.

ముందు జాగ్రత్తలు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను అందుకోకుండా ఎమర్జెన్సీ స్టాప్ తాడు తీసేయండి. ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ ఉండకూడదు. బోటులో పెట్రోలు వాసన వస్తుంటే అది పూర్తిగా పోయేదాకా ఏ వైరూ కదపొద్దు, బటన్ నొక్కొద్దు.

1. మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం)తో బ్యాటరీ చూడండి. పూర్తిగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఏదీ కరెంటు లాగనప్పుడు 12.6 వోల్టుల దాకా చూపాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు, ముందు ఛార్జింగ్ పెట్టండి. తర్వాత ఒకరు బటన్ నొక్కుతుండగా మళ్ళీ చూడండి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీనే మొదట అనుమానించాలి. దాన్ని వేరే మంచి బ్యాటరీతో పోల్చి చూస్తే తేలిపోతుంది.

2. వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోండి. అసలు పరీక్ష ఇదే. మల్టీమీటర్ ఎర్ర ముల్లును బ్యాటరీ ప్లస్ సీసపు గుబ్బ మీదే పెట్టండి, క్లాంపు మీద కాదు. నల్ల ముల్లును స్టార్టర్ బోల్టు మీద పెట్టి బటన్ నొక్కించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో లోపం ఉంది. అప్పుడు ముక్కలుగా చూడండి: బ్యాటరీ నుంచి సొలినాయిడ్ (బటన్ నొక్కగానే స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్), సొలినాయిడ్ రెండు బోల్టుల మధ్య, అక్కడి నుంచి స్టార్టర్. సొలినాయిడ్ మధ్యే ఎక్కువ పోతుంటే లోపలి కాంటాక్టులు కాలిపోయినట్టే, మార్చేయండి.

ఎర్త్ వైపు చాలామంది వదిలేస్తారు. బ్యాటరీ మైనస్ గుబ్బకీ స్టార్టర్ బాడీకీ మధ్య కూడా ఇలాగే చూడండి. బటన్ నొక్కకుండా కొలిస్తే పాడైన కేబుల్ కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు కరెంటు పారడం లేదు. స్టార్టర్ 100 ఆంపియర్లు లాగుతుంటే 0.02 ఓముల నిరోధం చాలు, 2 వోల్టులు అక్కడే మాయమవుతాయి.

3. కీళ్ళు శుభ్రం చేయండి. మైనస్ కేబుల్ ముందు విప్పండి. టెర్మినళ్ళు, లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు ముక్కలు) మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్దండి. ఎర్త్ బోల్టు కింద రంగు, తుప్పు గీకేసి లోహం కనిపించాలి. లగ్గు పక్కన కేబుల్ ఉబ్బినట్టో బిరుసుగానో ఉంటే రెండు వేళ్ళంత తొడుగు కోసి చూడండి. లోపల రాగి నల్లబడినా, పచ్చగా చిలుము పట్టినా దాన్ని రుద్ది లాభం లేదు. తగరం పూత ఉన్న కొత్త కేబుల్ వేయండి, మందం తగ్గకూడదు. రెక్కల నట్లుంటే తీసేసి స్పానర్‌తో బిగించే మామూలు నట్లు పెట్టండి. బిగించాక పైన కాస్త గ్రీజు రాయండి.

4. ఇంజనే బిగుసుకుందా? స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, ప్లగ్ వైర్లను ఎర్త్ చేసి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పండి. సాఫీగా తిరగాలి. ప్లగ్గు రంధ్రాల నుంచి నీళ్ళు వస్తే అక్కడితో ఆపి మెకానిక్‌కు చూపించండి.

5. ఇప్పుడు స్టార్టర్ విప్పండి. మూతకీ బాడీకీ అడ్డంగా ఒక గీత గీసుకుంటే మళ్ళీ అదే వరసలో బిగించవచ్చు. బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగి పొట్టిగా అయ్యాయా, స్ప్రింగులు గట్టిగా నొక్కుతున్నాయా చూడండి. కామ్యుటేటర్‌ను (బ్రష్‌లు రాసుకునే రాగి పలకల చుట్టు) సన్నని గాజు కాగితంతో తుడిచి, రాగి పలకల మధ్య సందుల్లోని కార్బన్ పొడి తీసేయండి. ఆర్మేచర్ (స్టార్టర్ లోపల తిరిగే భాగం) మీద ఒకవైపు రాసుకున్న మెరుపు కనిపిస్తే దాని ఇరుసును పట్టి ఉంచే బుష్షులు అరిగాయి. స్టార్టర్ రయ్యిమని తిరిగినా ఫ్లైవీల్ కదలకపోతే లోపం పినియన్‌లో (ఫ్లైవీల్ పళ్ళను పట్టుకునే చిన్న గేరులో) ఉంది. దాని మరలు కడిగి పల్చని నూనె రెండు చుక్కలు వేయండి. చిక్కటి గ్రీజు వద్దు, మురికి పట్టి పినియన్ పైకి లేవదు.

మళ్ళీ బిగించాక స్టాప్ తాడు పెట్టి ఇంజను ఆన్ చేసేటప్పుడు మోటారు కింది భాగం నీళ్ళలో ఉండాలి, లేదంటే నీళ్ళ పంపు ఇంపెల్లర్ పాడవుతుంది. బటన్ ఒక్కసారికి 10 సెకన్లు మించి నొక్కొద్దు, మధ్యలో స్టార్టర్ చల్లారడానికి 2 నిమిషాలు ఆగండి.