తీసేసినా మళ్లీ వచ్చే టూల్‌బార్: వేరు ఎక్కడుందో చూడండి

గుంటూరులో కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తాను. నా దగ్గరికి డీటీపీ షాపుల సిస్టమ్‌లు ఎక్కువగా వస్తాయి. అను ఫాంట్‌లో (డీటీపీ వాళ్లు వాడే తెలుగు ఫాంట్) కొట్టిన మ్యాటర్‌ని అన్నిచోట్లా చదవగలిగే యూనికోడ్‌కి మార్చడానికి ఎక్కడో దొరికిన ఉచిత కన్వర్టర్ వేసుకుంటారు. దాని వెనకాలే బ్రౌజర్‌లోకి ఒక సెర్చ్ బార్ దిగుతుంది. మీరు ఏం వెతుకుతున్నారో, ఏ సైట్లు చూస్తున్నారో బయటికి చేరవేసే రకాలు వీటిలో చాలా ఉన్నాయి. అదే సిస్టమ్‌లో కస్టమర్ల ఆధార్, పాన్ కాపీలు కూడా ఉంటాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

అనుమానం వస్తే అడ్రస్ బార్‌లో ఏదో ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కండి. చివరికి గూగుల్ పేజీయే వచ్చినా, మధ్యలో వేరే అడ్రస్ ఒక్క క్షణం కనిపించి పోయిందంటే మీ సెర్చ్‌ని ఎవరో దారి మళ్లిస్తున్నారు.

అందరూ నేరుగా ఆ సెర్చ్ బార్ తాలూకు ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) తీసేస్తారు. మర్నాటికి అది మళ్లీ ప్రత్యక్షం. దాన్ని తెచ్చి పెట్టే ప్రోగ్రామ్ విండోస్‌లో అలాగే ఉంటుంది మరి! కాబట్టి మొదట కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ తెరిచి, ‘ఇన్‌స్టాల్డ్ ఆన్’ అన్న చోట క్లిక్ చేయండి. ప్రోగ్రామ్‌లు తేదీల వరుసలో వస్తాయి. గోల మొదలైన రోజున చేరినవాటిలో మీరు వేసుకోనివి ఏవో చూసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆ తర్వాతే ఎక్స్‌టెన్షన్ల జోలికి వెళ్లండి.

ఎక్స్‌టెన్షన్ల పేజీలో రిమూవ్ బటన్ లేకపోతే, క్రోమ్ మెనూ అడుగున ‘మేనేజ్‌డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని ఉందేమో చూడండి. ఆఫీసు సిస్టమ్‌లో అది మామూలే, ముట్టుకోకండి. ఇంటి సిస్టమ్‌లో మీరు పెట్టకుండా ఉందంటే మాత్రం, ఏదో ప్రోగ్రామ్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) పాలసీ, అంటే బ్రౌజర్ తప్పక పాటించే నియమం, రాసి ఎక్స్‌టెన్షన్‌కి తాళం వేసిందేమో చూడాలి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇలా రాస్తాయి కాబట్టి తొందరపడొద్దు. రిజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్ల చేత తీయించుకోవడం మంచిది.

డెస్క్‌టాప్ మీది బ్రౌజర్ షార్ట్‌కట్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ గడి చివరిదాకా చదవండి. డాట్ ఈఎక్స్‌ఈ తర్వాత వెబ్ అడ్రస్ తగిలించి ఉంటే దాన్ని చెరిపేయండి. దీన్ని చాలామంది చూడరు.

పాత వీడియోల్లో చెప్పే క్రోమ్ క్లీనప్ టూల్ కోసం వెతక్కండి, గూగుల్ దాన్ని 2023లో తీసేసింది. ఇలాంటి టూల్‌బార్లను వెతికి తీసే మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల ఆడ్‌డబ్ల్యూక్లీనర్ ఉచితమే. వాళ్ల సైట్ నుంచే దించుకుని స్కాన్ చేయండి. ఆపైన క్రోమ్‌లో రీసెట్ సెట్టింగ్స్ నొక్కండి. బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు, టెన్షన్ వద్దు.

అదే జీమెయిల్‌తో క్రోమ్ సింక్ (ఒక సిస్టమ్‌లోని బ్రౌజర్ సెట్టింగ్‌లు, ఎక్స్‌టెన్షన్లు ఇంకో సిస్టమ్‌లోకీ వచ్చే ఏర్పాటు) నడుస్తున్న ఇంకో కంప్యూటర్ ఉంటే అక్కడా ఇదంతా చేయాలి. లేదంటే సింక్ ద్వారా ఆ ఎక్స్‌టెన్షన్ ఇక్కడికి తిరిగొస్తుంది.

పాస్‌వర్డ్‌లు మార్చడం ఆఖరున, సిస్టమ్ శుభ్రమయ్యాకే. ముందు జీమెయిల్, వెంటనే నెట్ బ్యాంకింగ్. జీమెయిల్ సెక్యూరిటీ పేజీలో ‘యువర్ డివైసెస్’ చూసి, మీది కాని ఫోన్‌నీ సిస్టమ్‌నీ సైన్ అవుట్ చేయండి.