దీపం వెలుగుతుంటే స్పిరిట్ కొట్టకండి: టిష్యూకల్చర్ ల్యాబుల్లో ఎండాకాలం జాగ్రత్తలు

పోయిన వారం గుంటూరు దగ్గర సీసాల్లో మొక్కలు పెంచే ఒక చిన్న టిష్యూకల్చర్ ల్యాబులో, జెర్బరా పూలమొక్కల సబ్‌కల్చర్ (ముక్కల్ని కొత్త సీసాల్లోకి మార్చడం) చేస్తున్న అమ్మాయికి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. పనిలో చేరి మూడు నెలలే. చేతులకు స్పిరిట్ కొట్టుకుంది, అది ఆరకముందే ఫోర్సెప్స్ (పట్టకారు) తీసి, క్రిములు చావడానికి స్పిరిట్ దీపం మంట మీద పెట్టింది. గ్లౌజులు చర్మానికి అతుక్కుపోయాయి. పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇదే తప్పుతో చేతులు కాలడం నేను చూడటం ఇది నాలుగోసారి.

చెప్పులు బయట విప్పడం, జుట్టుకు క్యాప్ పెట్టుకోవడం మీకు తెలిసినవే. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. దీపం వెలుగుతుంటే స్పిరిట్ కొట్టకండి.

మనం తుడవడానికి వాడే 70 శాతం స్పిరిట్ నుంచి సుమారు 17 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వస్తుంది. ఏసీ వేసి గదిని 25లో ఉంచినా అది దాటిపోయినట్టే. మే నెలలో బెజవాడలో అర్ధరాత్రి కూడా అంతకన్నా వేడిగానే ఉంటుంది. పైగా మన ల్యామినార్‌లో (మనం పనిచేసే, వడగట్టిన గాలి వీచే టేబుల్) గాలి ఫిల్టరు నుంచి నేరుగా మన ముఖం మీదికి వీస్తుంది. మొక్కను ఫంగస్ నుంచి కాపాడే ఆ గాలే, మంట లేచిందంటే దాన్ని మన మీదికి తోస్తుంది. స్పిరిట్ మంట లేత నీలం, ట్యూబులైటు వెలుగులో సరిగా కనిపించదు. చెయ్యి చురుక్కుమన్నాకే తెలుస్తుంది.

ఎండాకాలంలోనే ఇది ఎందుకు ఎక్కువంటే, కరెంటు కోతలకు గ్రోత్ రూమ్ (సీసాలు ఉంచే గది) వేడెక్కి కంటామినేషన్ (సీసాల్లో ఫంగస్, బ్యాక్టీరియా పట్టడం) పెరుగుతుంది. పైవాళ్లు అడుగుతారన్న టెన్షన్‌లో బాటిల్ బాటిల్‌కీ స్పిరిట్ కొడతారు, దీపం ఆర్పకుండానే. బాటిళ్లు పోతే పోనివ్వండి. లీటరు మీడియాకు (సీసాలో మొక్కకు వేసే తిండి) 30 గ్రాముల పంచదార, గడ్డకట్టడానికి 8 గ్రాముల అగర్. మళ్లీ వండుకోవచ్చు.

వరస ఇలా ఉండాలి. తుడవండి. టేబులూ చేతులూ పూర్తిగా ఆరనివ్వండి. స్ప్రే బాటిల్‌ను టేబుల్ మీంచి తీసేయండి. ఆ తర్వాతే అగ్గిపుల్ల. మధ్యలో చేతులకు మళ్లీ స్పిరిట్ కావాలంటే ముందు దీపం ఆర్పండి.

ఇక ఫోర్సెప్స్ ముంచే స్పిరిట్ బీకరు. వేడి ఫోర్సెప్స్‌ను అందులో పెడితే బీకరే అంటుకుంటుంది. గాజుది వద్దు, ఒరిగిపోని స్టీలు గిన్నె వాడండి. అడుగున కొంచెమే పోయండి, మూత చేతికందేలా పెట్టుకోండి. అంటుకుంటే మూత వేసి, ల్యామినార్ బ్లోయర్ (గాలి తోసే ఫ్యాను) ఆపండి. మండుతున్న గిన్నెను ఎత్తకండి. నాలుగు డబ్బులుంటే గ్లాస్ బీడ్ స్టెరిలైజర్ (వేడి గాజు పూసల్లో ఫోర్సెప్స్ గుచ్చే యంత్రం) కొనండి. దాంట్లో 250 డిగ్రీల వేడి ఉంటుంది, మంటతో పనే లేదు.

కరెంటు పోయిందా, ముందు దీపం ఆర్పండి. బ్లోయర్ ఆగితే ఆవిరి అక్కడే పేరుకుంటుంది. కరెంటు వచ్చాక పావుగంట గాలి ఆడనిచ్చి అప్పుడు వెలిగించండి.

వెలుగుతున్న దీపంలో స్పిరిట్ పోయొద్దు.
మంట దగ్గర గ్లౌజులు వద్దు, సబ్బుతో కడిగిన చేతులు చాలు.
నైలాన్ చున్నీతో కూర్చోవద్దు. కాటన్ కోటు వేసుకోండి.
స్పిరిట్ క్యాన్ మీటరు బోర్డు కింద పెట్టొద్దు.
యూవీ లైటు వెలుగుతుంటే చెయ్యి పెట్టొద్దు, చూడొద్దు.
ఆటోక్లేవ్ (ఆవిరి ప్రెషర్‌తో సామాన్లలో క్రిములు చంపే పాత్ర) ప్రెషర్ ముల్లు సున్నాకు రాకుండా మూత ముట్టుకోవద్దు. లోపల 121 డిగ్రీలు.
మొక్క ముక్కల్ని శుభ్రం చేసే మెర్క్యురిక్ క్లోరైడ్ నీళ్లు సింకులో పోయొద్దు. పాదరసం ఎక్కడికీ పోదు, కాలువలో మిగులుతుంది. వేరే డబ్బాలో దాచండి.
బ్లీచింగ్ నీళ్లలో యాసిడ్ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.
ఒంటరిగా రాత్రి షిఫ్టు చేయొద్దు, చేయించొద్దు.
కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. టూత్‌పేస్టు వద్దు, ఇంకు వద్దు. అట్నుంచి అటే ఆస్పత్రికి.
దీపం వెలుగుతుంటే స్పిరిట్ కొట్టొద్దు.
కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజే, బాటిల్ చేతికివ్వకముందే ఈ మాట చెప్పండి. చెప్పాక వాళ్ల చేత ఒకసారి చేయించి చూడండి.