వర్చువల్ మెషీన్ డిస్క్‌కి ఏ క్యాష్ మోడ్: నా అనుభవం

గాజువాకలో మా కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే ఏర్పాటు) సర్వర్ మీద, ఒక వర్చువల్ మెషీన్‌లో బిల్లింగ్ డేటాబేస్ నడుస్తుంది. గాలివానకి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేయడంతో డేటాబేస్ పాడైంది. బ్యాకప్‌తో గట్టెక్కాక విర్ష్ ఎడిట్‌లో (వర్చువల్ మెషీన్ సెట్టింగ్స్ మార్చే కమాండ్) చూస్తే, డిస్క్ డ్రైవర్ లైన్‌లో క్యాష్ మోడ్ (డిస్క్‌కి రాసే డేటాని ర్యామ్‌లో ఎలా ఉంచాలో చెప్పే సెట్టింగ్) ‘అన్‌సేఫ్’ అని ఉంది. ఈ మోడ్‌లో, డిస్క్‌లోకి రాసెయ్ అని గెస్ట్ (వర్చువల్ మెషీన్) పంపే ఫ్లష్ ఆదేశాన్ని క్యూఎము (వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్) పట్టించుకోదు. రాసేశానంటుంది, డేటా మాత్రం ఇంకా హోస్ట్ (అసలు సర్వర్) ర్యామ్‌లోనే ఉండొచ్చు. ఓఎస్ ఇన్‌స్టాల్ వేళ సరే, లెక్కల డేటాకి వద్దే వద్దు.

‘నన్’ పెట్టాను. హోస్ట్ పేజ్ క్యాష్ (డిస్క్ డేటాని ర్యామ్‌లో ఉంచే చోటు) జోలికి పోదు, ఫ్లష్‌ని పాటిస్తుంది. ‘రైట్‌బ్యాక్’ కూడా పాటిస్తుంది కానీ ఒకే డేటాకి హోస్ట్‌లోనూ గెస్ట్‌లోనూ ర్యామ్ ఖర్చు. ‘రైట్‌త్రూ’లో రాయడం నెమ్మది.

గెస్ట్ లోపల రీబూట్ కొడితే మార్పు రాదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి.